కాలరు గుండీ

లెక్కల పరీక్ష ఇంకా రెండు రోజులుందనగా
మావాడి మొహం రెండు పక్కలా పొంగింది,
చెవుల కింద కోడిగుడ్లు దాచుకున్నట్టు.
గవదలు, అంది వాళ్ళమ్మ.
గవదలే, అన్నాడు ఆస్పత్రిలో సబర కాంపౌండరు
జ్వరం బిళ్ళలు కాగితంలో చుట్టి ఇస్తూ.
దీనికంటూ మందు లేదట. వారం పడుతుందట.
మెట్రిక్ అంతా ఆ వారంలోనే ఉంది.

గునుపురం బజారులో మిషను కొట్టు నాది.
మనిషి మెట్టెక్కుతుండగానే నడుము కొలత చెప్పేస్తాను.
కొడుకు ఒంటి వేడి మాత్రం
అరచేతికి అందలేదు.
పక్కింటి థర్మామీటరు అడిగి తెచ్చాను.
నూట రెండు.

అప్పలనర్సమ్మ తన గొలుసు తీసి వాడి మెడలో వేసింది,
బంగారం తగిలితే వాపు జారుతుందని.
కిందటి నెలే తాకట్టు విడిపించిన గొలుసు.
పదిహేనేళ్ళ మగపిల్లాడు
గోడవైపు తిరిగి పడుకున్నాడు.
చోడి అంబలి చెంచాతో పోస్తే
సగం గొంతులోకి, సగం తలగడ మీదికి.
నిమ్మకాయ పేరెత్తినా దవడ లాగేస్తోందంటాడు.

"ఈ ఏడు ఒగ్గీనా నాన్నా?"
నాకు దగ్గొచ్చింది.

రాత్రి, కళ్ళు మండుతున్నాయి చదివి వినిపించమన్నాడు.
నాది కొత్తూరు బడిలో ఐదో తరగతి తెలుగు.
ముప్పై ఏళ్ళుగా ఒడియాలో బేరాలాడాను,
తిట్లు తిన్నాను, తిరిగి తిట్టాను.
అక్షరాన్ని మాత్రం బోర్డుల మీద చూసి
తెలిసినవాడిలా నడిచిపోయాను.
ఇప్పుడు దీపం దగ్గరికి జరిపి చూస్తే
ఒక్కొక్కటీ నెత్తిన గొడుగేసుకుని నిలబడింది.
మన వాటికి తలకట్టే. వీటికి నిండు గొడుగు.
కింద ఎవరున్నారో వంగి చూడాలి.
పుట పైనే గొడుగు లేనిది ఒకటి దొరికింది.
"హమ్మయ్య, సున్నా!"
"సున్నా కాదు నాన్నా, ఠొ. పాఠొలో ఠొ."
నవ్వితే దవడ నొప్పి.
నవ్వించొద్దని నవ్వాడు.

పొద్దున్నే హోతా సారు ఇంటికెళ్ళాను.
ఆయన ప్యాంట్లు కుట్టేది నేనే. నడుము ముప్పై ఎనిమిది.
ఆ రోజు వరండా కింద నిలబడితే
మనిషి చాలా పొడుగ్గా కనిపించాడు.
అంటురోగం, అని నేనే చెప్పాను. దాచలేదు.
"భొయొ కొరొ నాహిఁ," అన్నాడు,
సామాన్ల గదిలో విడిగా బల్ల వేయిస్తానని.
బత్తిలి దాటితే ఎన్ని మాటలు మారిపోతాయి!
భయం మాత్రం రెండు పక్కలా భయమే.

ఆ రాత్రి ఇంకో గొడవ.
గొలుసు తియ్యనంటుంది తల్లి.
గొలుసుతో వెళ్ళనంటాడు వాడు, అందరూ చూస్తారని.
పై గుండీ పెట్టేస్తే కనబడదు కదా అన్నాను.
గుండీ అందలేదు.
జూన్‌లో కుట్టినప్పుడు పదమూడున్నర మెడ.
టేపు చుట్టాను, నొప్పి తగలకుండా, వదులుగా.
పదిహేను.
నా మెడ కొలత.
టేపు వెంటనే తియ్యలేకపోయాను.

గుండీ తెంపి అంచుకి జరిపాను.
చాలక కాజా దగ్గర చిన్న పట్టీ అతికాను.
కుట్టేసరికి మొదటి బస్సు హారన్ కొట్టింది.

గేటు బయట రెండు గంటలు.
ఎవడో శనక్కాయల పొట్లం చేతిలో పెట్టాడు,
డబ్బులిచ్చానో లేదో గుర్తులేదు.
వాడొచ్చాడు, గోడ పట్టుకుని,
పై గుండీ అలాగే ఉంది.
"ఒక లెక్క ఒగ్గీసాను."
"ఒగ్గీ," అన్నాను, "ఎక్కు సైకిలు."

పది రోజుల్లో వాపు తీసింది.
ఇప్పుడా కాలరులో
ఇంకో మెడ పట్టేంత చోటుంది.
గుండీ వెనక్కి కుట్టమంటాడు. రేపు, అంటాను.
గొలుసు మళ్ళీ వాళ్ళమ్మ మెడకి చేరింది.
మార్కులు ఇంకా రాలేదు.
నేను మాత్రం రసీదు పుస్తకంలో
సున్నా చుట్టినప్పుడల్లా
ఒక్క క్షణం ఆగుతున్నాను.